సిఫారసుకు లొంగని సూపరింటెండెంట్: సిల్వేనస్ థేయర్



పోయినసారి పేరెంట్స్ మీటింగ్‌లో నన్ను ఎక్కువమంది అడిగింది ఎన్డీఏ గురించే. పిల్లవాడు ఏడో తరగతిలో ఉన్నాడు, ఇప్పటి నుంచే ఫౌండేషన్ క్లాసులు మొదలుపెట్టాలా మేడమ్ అని ఒకరు. కోరుకొండ సైనిక్ స్కూల్‌కు పరీక్ష రాయించాం, సీటు రాలేదు, ఇంకేదైనా దారి ఉందా అని మరొకరు. ఆ సాయంత్రమే ఇంకో నాన్నగారు వచ్చారు. వాళ్లబ్బాయి రెండు మార్కుల తేడాతో మొదటి సెక్షన్ నుంచి రెండో సెక్షన్‌కు మారాడు. ఆ రెండు మార్కులు ఎలాగోలా చూడమన్నారు. కావాలంటే తెలిసిన పెద్దాయన చేత ఫోన్ చేయిస్తానన్నారు. కోపంగా కాదు, ఎంతో మర్యాదగా, కాస్త సిగ్గుపడుతూనే అడిగారు. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. బస్సులో ఇంటికి వెళ్తుంటే మాత్రం, ఈ రెండు ప్రశ్నలూ ఒకే మనిషి జీవితంలో కలుస్తాయి కదా అనిపించింది.

ఆయన పేరు సిల్వేనస్ థేయర్. అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌కు పితామహుడని ఆయనను పిలుస్తారు. మన ఎన్డీఏకూ ఆ అకాడమీకీ దూరపు చుట్టరికం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మన సైన్యాధిపతి ఫీల్డ్ మార్షల్ ఆకిన్‌లెక్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. అది వివిధ దేశాల సైనిక అకాడమీలను పరిశీలించి 1946 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఆ కమిటీ ముందుంచుకున్న నమూనాల్లో వెస్ట్ పాయింట్ ఒకటి. దాన్నుంచే ఖడక్‌వాస్లా పుట్టింది. కాబట్టి ఎన్డీఏ అంటే ఏమిటని అడిగేవాళ్లకు థేయర్ కథ తెలిస్తే మంచిదే.

న్యూయార్క్ నగరానికి ఎగువన హడ్సన్ నది ఒకచోట గట్టిగా మెలిక తిరుగుతుంది. ఆ మెలిక మీదున్న రాతి గుట్టే వెస్ట్ పాయింట్. స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికన్లు అక్కడ కోట కట్టి, బ్రిటిష్ ఓడలు పైకి రాకుండా నదికి అడ్డంగా పెద్ద ఇనుప గొలుసు వేశారు. 1802 మార్చి 16న అధ్యక్షుడు జెఫర్సన్ సంతకంతో అక్కడ సైనిక అకాడమీ మొదలైంది. మొదటి ఏడాది బయటికి వచ్చినవాళ్లు ఇద్దరే ఇద్దరు. అకాడమీ అన్న పేరు పెద్దదే గానీ, లోపల సరైన పద్ధతంటూ ఏదీ లేదు. ప్రవేశానికి గట్టి పరీక్ష లేదు, ఎన్నేళ్లు చదవాలో తెలియదు. పదేళ్లు దాటిన పిల్లల నుంచి ముప్పై దాటిన మగవాళ్ల వరకు ఒకే చోట ఉండేవారు. ఎవరి తండ్రికి ఎవరు తెలుసన్నదే ముఖ్యం.

థేయర్ 1785 జూన్ 9న మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రెయిన్‌ట్రీలో ఒక రైతు ఇంట్లో పుట్టారు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం న్యూ హ్యాంప్‌షైర్‌లోని మేనమామ ఇంటికి పంపారు. మన ఊళ్లలోనూ ఒకప్పుడు ఇలాగే జరిగేది కదా, హైస్కూలు ఉన్న ఊళ్లో మేనమామ ఉంటే పిల్లవాడి మకాం అక్కడికే. ఆ మేనమామ స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన మనిషి. ఆ ఊళ్లోనే మరో పాత సైనికుడు బెంజమిన్ పియర్స్ పరిచయమయ్యారు. (ఈయన కొడుకే తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ పియర్స్.) థేయర్ మీసాలు సరిగా రాకముందే ఊరి బడిలో పాఠాలు చెప్పారు. 1803లో డార్ట్‌మత్ కాలేజీలో చేరి 1807లో క్లాసులో మొదటి స్థానం సంపాదించారు. అయితే పట్టా ఇచ్చే సభలో మొదటి విద్యార్థిగా చేయాల్సిన ప్రసంగం చేయకుండానే వెళ్లిపోయారు. వెస్ట్ పాయింట్‌లో సీటు వచ్చింది మరి.

ఆ సీటు ఎలా వచ్చిందో దాచకుండా చెప్పాలి. పియర్స్ సిఫారసు చేస్తే అధ్యక్షుడు జెఫర్సన్ ఇచ్చారు. తర్వాతి కాలంలో సిఫారసుల మీద అంత పోరాడిన మనిషి, తాను లోపలికి అడుగుపెట్టింది ఒక సిఫారసు మీదే. ఆ రోజుల్లో వేరే దారి లేదన్నది నిజమే. కానీ ఈ విషయం ఆయనకు జీవితాంతం గుర్తుండి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఒక్క ఏడాదిలోనే, 1808లో, అకాడమీ పూర్తిచేసి ఇంజనీర్ల దళంలో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యారు. 1812లో బ్రిటన్‌తో మళ్లీ యుద్ధం వచ్చింది. వర్జీనియాలోని నార్ఫోక్ రేవుకు రక్షణ ఏర్పాట్లు చూసి మేజర్ హోదా పొందారు. ఆ యుద్ధంలో అమెరికాకు తన లోటు తెలిసింది. కోటలు కట్టడం తెలిసిన, లెక్కలు వచ్చిన ఆఫీసర్లు చాలా తక్కువ. అందుకే 1815లో ప్రభుత్వం థేయర్‌ను, మెక్రీ అనే మరో ఆఫీసర్‌ను 5,000 డాలర్లు ఇచ్చి యూరప్ పంపింది. ఫ్రాన్స్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌ను చూసి రమ్మన్నారు. లెక్కల పునాది మీద ఇంజనీరింగ్ నేర్పడంలో అప్పట్లో దానికి సాటి లేదు. వాళ్లు అక్కడికి చేరేసరికి నెపోలియన్ వాటర్లూలో ఓడిపోయాడు. థేయర్‌కు ఆయనంటే వల్లమాలిన అభిమానం. ఏం చేస్తారు, రెండేళ్లపాటు బడులు చూశారు, కోటలు చూశారు, సుమారు వెయ్యి పుస్తకాలు, బోలెడన్ని మ్యాపులు కొని ఓడెక్కించారు.

1817 జూలైలో ఆయనను వెస్ట్ పాయింట్ సూపరింటెండెంట్‌గా వేశారు. వయసు 32. అప్పటిదాకా ఆ కుర్చీలో ఉన్నది కెప్టెన్ ఆల్డెన్ పార్ట్రిడ్జ్. క్యాడెట్లకు ఆయనంటే ప్రాణం. డ్రిల్లు బాగా చేయించేవారు, పిల్లలతో కలిసిపోయేవారు. కానీ కావలసినవాళ్లకు ఒక న్యాయం, మిగతావాళ్లకు ఒక న్యాయమని ప్రొఫెసర్లే అధ్యక్షుడు మన్రోకు ఫిర్యాదు చేశారు. పదవి పోయిన పార్ట్రిడ్జ్ కొద్ది వారాలకు తిరిగివచ్చి, నేనే సూపరింటెండెంట్‌నని అధికారం లాక్కున్నారు. క్యాడెట్లు కేరింతలు కొట్టారు. థేయర్ గొడవపడలేదు. మౌనంగా న్యూయార్క్ వెళ్లి పై అధికారులకు చెప్పి, ఆర్డరుతో తిరిగివచ్చారు. పార్ట్రిడ్జ్ మీద కోర్ట్ మార్షల్ జరిగింది. ఆయన సైన్యం వదిలి వెర్మాంట్‌లో సొంతంగా ఒక సైనిక పాఠశాల పెట్టారు, అది ఇప్పటికీ నార్విచ్ యూనివర్సిటీగా నడుస్తోంది. వెస్ట్ పాయింట్ మీద మాత్రం చివరిదాకా విమర్శలు ఆపలేదు.

ఇక థేయర్ చేసిన పని. ముందుగా అందరికీ పరీక్ష పెట్టారు. ఏళ్ల తరబడి కూర్చుని ఏమీ నేర్వనివాళ్లను ఇంటికి పంపించేశారు. మిగిలినవాళ్లను నాలుగేళ్ల చదువుగా విడగొట్టారు. జనవరిలో ఒకటి, జూన్‌లో ఒకటి, బయటి పెద్దల ఎదుట పరీక్షలు.

అన్నిటికన్నా పెద్ద మార్పు క్లాసులో జరిగింది. క్లాసును పది పదిహేను మంది సెక్షన్లుగా చేశారు. లెక్చర్ వినడం, రాసుకోవడం కాదు. పాఠం ముందురోజు రాత్రే ఎవరికి వారు చదువుకుని రావాలి. మర్నాడు ప్రతి క్యాడెట్ బోర్డు దగ్గరికి వెళ్లి, సుద్దముక్క పట్టుకుని, లెక్క చేసి, ఎందుకు అలా చేశాడో నిలబడి చెప్పాలి. ప్రతి ఒక్కరూ, దాదాపు ప్రతి రోజూ. అప్పటికి అమెరికాలో క్లాసులో నల్లబల్ల వాడకమే కొత్త. నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చిన క్లాడియస్ క్రోజె అనే ఫ్రెంచ్ ప్రొఫెసర్ అక్కడ దాన్ని వాడారు. ఆ దేశంలో మొదటగా వాడినవాళ్లలో ఆయన ఒకరని చెబుతారు. మన పిల్లలు రోజూ చూసే బోర్డు, ఇప్పుడు స్మార్ట్ బోర్డు అయింది గానీ, ఒకప్పుడు అంత వింత వస్తువు.

రోజు మార్కు రోజే. మూడు వస్తే పాఠం పూర్తిగా వచ్చినట్టు, సున్నా వస్తే ఏమీ రానట్టు. ఆ మార్కులన్నీ కూడి క్లాసులో ఎవరి స్థానం ఎంతో తేల్చేవారు. ప్రవర్తనలో తప్పులకు వేరే లెక్క ఉండేది, అదీ ర్యాంకులో కలిసేది. సెక్షన్లు మార్కుల ప్రకారమే, మెరికలు మొదటి సెక్షన్‌లో, వెనుకబడ్డవాళ్లు చివరి సెక్షన్‌లో. చదువు ముగిశాక పై ర్యాంకులవాళ్లకు ఇంజనీర్ల దళం, తర్వాతివాళ్లకు ఫిరంగి దళం, పదాతి దళం.

ఇది చదువుతూ మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఇది మన దగ్గరా ఉన్నదే కదా అని. ఉంది. కానీ ఒక టీచర్‌గా తేడా కూడా చెప్పాలి. ఆయన సెక్షన్ పదిహేను మందిది. చివరి సెక్షన్‌లో ఉన్న పిల్లవాడు కూడా రోజూ బోర్డు దగ్గర నిలబడి మాట్లాడేవాడు. ఒకసారి ఒక సెక్షన్‌లో పడితే అక్కడే ఉండిపోవాలని లేదు, మార్కులు మారితే సెక్షన్ మారేది. ర్యాంకు ఒక్కటే తీసుకుని, ప్రతి పిల్లవాడి మాటా రోజూ వినే టీచర్‌ను వదిలేస్తే, అది థేయర్ పద్ధతిలో సగమే. ఆ సగం అంత మంచిది కాదని నా అభిప్రాయం.

రెండో విషయం డబ్బు. క్యాడెట్లకు ప్రభుత్వం నెల జీతం ఇచ్చేది. దానితోనే బతకాలని, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోకూడదని థేయర్ రూలు పెట్టారు. వందల ఎకరాల దక్షిణాది భూస్వామి కొడుకూ, వెర్మాంట్ రైతు కొడుకూ ఒకే బట్ట కట్టి, ఒకే తిండి తిని, నేల మీద పరుపు వేసుకుని పడుకోవాలి. ఎవరి గది వాళ్లే ఊడ్చుకోవాలి. నాలుగేళ్లలో ఇంటికి వెళ్లే సెలవు ఒక్కసారే, అదీ రెండేళ్లు గడిచాక. పొగాకు, మద్యం, పేకాట వద్దు. నవలలు కూడా వద్దు. (ఇక్కడ మాత్రం నేను ఆయనతో ఏకీభవించను.) ఫ్రెంచ్ మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఇంజనీరింగ్ పుస్తకాలన్నీ ఆ భాషలోనే ఉండేవి. థేయర్ బల్లకు చిన్న చిన్న అరలుండేవట. ఏ క్యాడెట్ లోపలికి వచ్చినా అతని మార్కులు, అప్పులు, తప్పులు ఏవీ అడగకుండానే చెప్పేసేవారట. పిల్లలకు అది మంత్రంలా ఉండేది. ఇంకో అలవాటు, క్యాడెట్ చెప్పిన మాటను నిజమని నమ్మడం. అబద్ధమని తేలితే మాత్రం క్షమించేవారు కాదు. ఈనాటి అకాడమీ హానర్ కోడ్‌కు వేళ్లు అక్కడే ఉన్నాయి.

ఇంత చదివి ఆయన తప్పులు చేయలేదనుకోకండి. 1818 చివర్లో బ్లిస్ అనే ఆఫీసర్ క్యాడెట్ల మీద చెయ్యి చేసుకుంటున్నాడని, ఐదుగురు కుర్రాళ్లు తోటివాళ్ల సంతకాలు తీసుకుని థేయర్ దగ్గరికి వచ్చారు. సైన్యంలో గుంపుగా అర్జీ పెట్టడం తిరుగుబాటేనని ఆయన ఆ ఐదుగురినీ బయటికి పంపారు. గొడవ వాషింగ్టన్ దాకా, పార్లమెంటు దాకా వెళ్లింది. చివరికి థేయర్ మాటే నెగ్గింది. కానీ బ్లిస్‌ను కూడా ఆ పదవిలో ఉంచలేదు. అంటే పిల్లలు చెప్పినదాంట్లో నిజం ఉందని ఆయనకూ తెలిసిందన్నమాట. ఆ ఐదుగురి విషయంలో ఆయన కఠినంగా పోయారని నేననుకుంటాను.

ఎంత కట్టడి చేసినా పిల్లలు పిల్లలే. 1826 క్రిస్మస్ ముందురాత్రి దొంగతనంగా విస్కీ తెచ్చి, గుడ్లు పాలు కలిపి తాగి, హాస్టల్లో కిటికీలు, బల్లలు పగలగొట్టారు. పాల్గొన్నవాళ్లు డెబ్బై మంది దాకా ఉంటారు. అందరినీ పంపిస్తే అకాడమీయే ఖాళీ అవుతుంది. నాయకులైన సుమారు ఇరవై మంది మీదే విచారణ జరిపించారు. ఆ రాత్రి గదికే పరిమితం చేసినవాళ్లలో జెఫర్సన్ డేవిస్ ఉన్నాడు, తర్వాత అంతర్యుద్ధంలో దక్షిణ రాష్ట్రాలకు అధ్యక్షుడయ్యాడు. దానికి దూరంగా ఉన్నవాళ్లలో రాబర్ట్ లీ ఒకరు. లీ 1829లో నాలుగేళ్లూ ఒక్క తప్పు మార్కు లేకుండా రెండో ర్యాంకుతో బయటికి వచ్చారు. ఎడ్గర్ అలన్ పో అనే కవి కూడా 1830లో చేరి, క్లాసులకు వెళ్లడం మానేసి, మరుసటి ఏడాదే బహిష్కరణ తెచ్చుకున్నాడు. అయినా అతని పుస్తకం అచ్చు వేయడానికి తోటి క్యాడెట్లు చందాలు ఇచ్చారు, థేయర్ అడ్డు చెప్పలేదు. ఆ పుస్తకాన్ని పో క్యాడెట్లకే అంకితం చేశాడు.

ఆయన కాలంలో పాసైనవాళ్లలో డేవిడ్ మోనియాక్ ఒకరు. క్రీక్ తెగకు చెందిన ఆయన 1822లో వెస్ట్ పాయింట్ పూర్తిచేసిన మొదటి అమెరికా ఆదివాసీ. 1819లో బయటికి వచ్చిన జార్జ్ వాషింగ్టన్ విస్లర్ అమెరికాలో తొలి రైలు మార్గాలు వేసి, తర్వాత రష్యా చక్రవర్తి పిలుపు మీద సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కోకు రైలు దారి పని నడిపించారు. దేశంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు లేని ఆ రోజుల్లో రేవులకు, కాలువలకు, వంతెనలకు మనిషి కావాలంటే వెస్ట్ పాయింట్ వైపే చూసేవారు. సైనిక అకాడమీ అంటే తుపాకీ పట్టడం నేర్పేది మాత్రమేనని అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి. ఇంకో వైపు కూడా చెప్పాలి. 1861 నుంచి 1865 దాకా జరిగిన అంతర్యుద్ధంలో ముఖ్యమైన 60 యుద్ధాలుంటే, 55 యుద్ధాల్లో రెండు వైపులా సేనలను నడిపింది వెస్ట్ పాయింట్ వాళ్లే. ఒకే బోర్డు దగ్గర నిలబడి లెక్కలు చేసినవాళ్లు ఒకరి మీద ఒకరు ఫిరంగులు పేల్చుకున్నారు.

ఇక ఆ ఫోన్ కాల్ సంగతి. థేయర్ కాలంలో ఫోన్లు లేవు, ఉత్తరాలు ఉండేవి. తప్పిన ప్రతి కుర్రాడి వెనకా ఒక తండ్రి, ఆ తండ్రికి తెలిసిన ఒక సెనేటరు. థేయర్ దగ్గర జవాబు మార్కుల పుస్తకమే. చాలా ఏళ్లు వాషింగ్టన్‌లో ఉన్నవాళ్లు ఆయన మాట నిలబెట్టారు. 1829లో ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడయ్యారు. ఆయన పెంచిన మేనల్లుడు అదే అకాడమీలో 1820లో రెండో ర్యాంకు తెచ్చుకున్నాడు, కాబట్టి ఆ బడి విలువ ఆయనకు తెలియదని కాదు. కానీ థేయర్ పంపించేసిన కుర్రాళ్లు నేరుగా అధ్యక్షుడి దగ్గరికి వెళ్లడం, ఆయన వాళ్లను తిరిగి చేర్చుకోమని ఆర్డర్ ఇవ్వడం మొదలైంది. ఒకసారి, రెండుసార్లు కాదు. తప్పు చేసినవాడు వారం తిరగకుండా నవ్వుకుంటూ గేటులోంచి లోపలికి వస్తే, మిగతా పిల్లల ముందు టీచర్ పరిస్థితి ఏమిటో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కరలేదు.

జాక్సన్ వైపు నుంచి చూస్తే ఆయనకూ ఒక కారణం ఉంది. అకాడమీ ఒక కొత్త దొరల వర్గాన్ని తయారుచేస్తోందని, ఒక్క మనిషి చేతిలో అంత అధికారం ఉండకూడదని ఆయన, ఆయన పార్టీ నమ్మారు. ఆ భయం పూర్తిగా తప్పని నేననను. 1832లో థేయర్ తన తర్వాతి అధికారి హిచ్‌కాక్‌ను అధ్యక్షుడి దగ్గరికి పంపారు. థేయర్ పేరు వినగానే జాక్సన్ మండిపడి, నిరంకుశుడని తిట్టిపోశారు. ఆ తర్వాత ఉండడంలో అర్థం లేదని థేయర్‌కు తెలిసిపోయింది. రాజీనామా పంపారు.

1833 జూలై మొదట్లో వెళ్లిపోయారు. వీడ్కోలు సభ లేదు, పరేడ్ లేదు. రోజూ సాయంత్రం ఆవిరి పడవ వచ్చేవేళకు రేవు దాకా నడిచి వెళ్లడం ఆయన అలవాటు. ఆ రోజూ అలాగే కొందరు ఆఫీసర్లతో మాట్లాడుకుంటూ వెళ్లారట. పడవ కదిలే సమయానికి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి, వీడ్కోలు చెప్పి, ఎక్కేశారట. పక్కనున్నవాళ్లకు అప్పుడు గానీ విషయం అర్థం కాలేదు. 16 ఏళ్ల ఉద్యోగం అలా ముగిసింది. అప్పుడు ఆయన వయసు 48.

తర్వాతి ముప్పై ఏళ్లు బోస్టన్ రేవులో కోటలు కట్టించారు. ఫోర్ట్ వారెన్, ఫోర్ట్ ఇండిపెండెన్స్ ఆయన పర్యవేక్షణలో లేచినవే. పెళ్లి చేసుకోలేదు. 1863లో రిటైరై సొంతూరు బ్రెయిన్‌ట్రీకి చేరారు. దాచుకున్న డబ్బులో పెద్ద భాగం తాను చదివిన డార్ట్‌మత్‌కు ఇంజనీరింగ్ స్కూలు పెట్టడానికి ఇచ్చారు. 1867లో మొదలైన ఆ థేయర్ స్కూల్ ఇప్పటికీ ఉంది. ఊళ్లో లైబ్రరీకి, ఒక బడికి కూడా ఏర్పాటు చేశారు. 1872 సెప్టెంబరు 7న, 87వ ఏట, అక్కడే కన్నుమూశారు. వెస్ట్ పాయింట్ వదిలిన 39 ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన మళ్లీ అక్కడ అడుగుపెట్టలేదు. ఆయన పద్ధతి మాత్రం ఎక్కడికీ పోలేదు. రోజూ బోర్డు, రోజూ మార్కు అలాగే సాగాయి.

1877 జూన్‌లో, జార్జియాలో బానిసగా పుట్టిన హెన్రీ ఫ్లిప్పర్ వెస్ట్ పాయింట్‌లో పట్టా పొందిన మొదటి నల్లజాతి క్యాడెట్ అయ్యారు. నాలుగేళ్లపాటు తోటి క్యాడెట్లు ఆయనను దాదాపు వెలివేశారు. మార్కుల జాబితాలో మాత్రం 76 మందిలో 50వ స్థానంలో ఆయన పేరు ఉంది. అదే ఏడాది నవంబరులో బ్రెయిన్‌ట్రీ నుంచి థేయర్ అస్థికలను తీసుకువచ్చి వెస్ట్ పాయింట్ శ్మశానంలో ఉంచారు. ఆరేళ్ల తర్వాత ఆయన విగ్రహం కూడా అక్కడే నిలబెట్టారు.